లోధ్ర సీసా నుంచి ఆరెంజ్ పౌడర్ దాకా

మా తాతగారు తెనాలి బోసు రోడ్డులో మందుల కొట్టు పెట్టిన రోజుల్లో ఆడవాళ్ళ మందు అంటే లోధ్ర. మద్రాసు కేసరి కుటీరం నుంచి రైలు పార్సెల్లో వచ్చేది. దాన్ని ఆడవాళ్ళు వచ్చి అడిగేవాళ్ళు కారట. మొగుడో, అన్నో దీపాలు పెట్టాక వచ్చి, పక్కనెవరూ లేకుండా చూసుకుని ‘ఆ సీసా ఒకటివ్వండి’ అనేవాడట. తాతగారు పాత పేపర్లో చుట్టి ఇచ్చేవారు. ఇప్పుడా కౌంటర్లో కూర్చునేది నేను. ఇంటర్ పిల్లలు స్కూటీ దిగి వచ్చి, ‘ఆంటీ, పీసీఓడీ పౌడర్ ఆరెంజ్ ఫ్లేవర్‌లో ఉందా?’ అని గట్టిగానే అడుగుతున్నారు. సిగ్గు పోయింది, మంచిదే. సీసాలోనూ డబ్బాలోనూ ఉన్న సరుకు సంగతే కాస్త మాట్లాడుకోవాలి.

లోధ్ర అమ్మిన కె.ఎన్. కేసరి ఒంగోలు వైపు పల్లె నుంచి చిన్నతనంలోనే మద్రాసు చేరి, వైద్యం నేర్చి పైకొచ్చిన మనిషి. ఆ కష్టాలన్నీ ‘చిన్ననాటి ముచ్చట్లు’లో రాసుకున్నాడు. మందుల మీద వచ్చిన డబ్బుతో 1928లో ‘గృహలక్ష్మి’ మాసపత్రిక పెట్టాడు. 1934 నుంచి రచయిత్రులకు స్వర్ణకంకణం తొడిగాడు, మొదటిది కనుపర్తి వరలక్ష్మమ్మగారికి. అమృతాంజనం డబ్బు ఆంధ్రపత్రికను నిలబెట్టినట్టే ఇదీను. మన పత్రికల చరిత్ర రాసేవాళ్ళు తలనొప్పికీ నెలసరికీ ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదని నా ఫిర్యాదు.

లోధ్ర అంటే లొద్దుగ చెట్టు బెరడు. వగరు. రక్తస్రావం కట్టడానికి ఆయుర్వేదంలో ఎప్పటినుంచో వాడుతున్నదే. కానీ మా కొట్టుకొచ్చే జనానికి ఆ తేడాలేం పట్టేవి కావు. ముట్టు ఆగకపోయినా లోధ్రే, అసలు రాకపోయినా లోధ్రే, కడుపు పండకపోయినా లోధ్రే. నెల తప్పిన పిల్లకి ఇంట్లో నువ్వులూ బెల్లం దంచి చిమ్మిలి పెట్టేవాళ్ళు. దానికి లొంగకపోతే అప్పుడు సీసా. లోపల అండాశయంలో ఏం జరుగుతోందో చూసే దారి ఇక్కడా లేదు, మద్రాసులోనూ లేదు.

చూసినవాళ్ళు షికాగోలో ఉన్నారు. మైకేల్ రీస్ ఆస్పత్రి డాక్టర్లు స్టెయిన్, లెవెంథాల్ 1935లో ఏడుగురు ఆడవాళ్ళ కథ అచ్చువేశారు. నెలసరి సరిగా రాదు, పిల్లల్లేరు, కొందరికి మొహం మీద వెంట్రుకలు. పొట్ట తెరిస్తే రెండు అండాశయాలూ ఉబ్బి, చిన్న చిన్న నీటితిత్తులతో నిండి ఉన్నాయి. అండాశయంలోంచి ఒక చెక్క కోసి తీసేసి కుట్టేశారు. ఏడుగురికీ నెలసరి వచ్చింది, ఇద్దరికి కడుపు నిలిచింది. ఇప్పుడు మనం పీసీఓడీ అంటున్న ఈ జబ్బుకి ఆ తర్వాత కొన్ని దశాబ్దాలు వైద్యమంటే కత్తే.

జబ్బు మూలం ఒక్క అండాశయంలోనే లేదని 1980లో మెంఫిస్ డాక్టర్లు పట్టుకున్నారు. ఈ ఆడవాళ్ళ రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా ఉంది. అది తెలిశాక మందుల దారే మారింది. 1994లో వెనిజులా డాక్టర్లు షుగర్ బిళ్ళ మెట్‌ఫార్మిన్‌ని వీళ్ళకి ఇచ్చి చూశారు. ఇన్సులిన్ చెప్పిన మాట కణం లోపలికి చేరవేసే వాటిలో ఇనోసిటాల్ ఉందని అప్పటికే కొందరు వాదిస్తున్నారు. ఆ దారినే వచ్చింది మన పౌడర్.

ఇనోసిటాల్ కొత్తదేం కాదు. 1850లో షేరర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త మాంసం నుంచి తీశాడు. నాలిక మీద వేసుకుంటే తియ్యగా ఉంటుంది. కొన్నాళ్ళు బి విటమిన్ల జాబితాలో కూర్చోబెట్టారు, మన ఒంట్లోనే తయారవుతుందని తేలాక దింపేశారు. తవుడులో, పప్పుల్లో, చిమ్మిలి నువ్వుల్లో కూడా వేరే రూపంలో ఉంటుంది. (అందుకని చిమ్మిలి పీసీఓడీకి మందని నా పేరు చెప్పి వాట్సాప్‌లో తిప్పకండి.) 1999లో అమెరికా, వెనిజులా డాక్టర్లు కలిసి 44 మంది లావుపాటి పీసీఓడీ స్త్రీలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకి డి-కైరో ఇనోసిటాల్ ఇచ్చారు. 22 మందిలో 19 మందికి అండం విడుదలైంది. ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్న జట్టులో ఆరుగురికే. పేరున్న పత్రికలో వచ్చిన ఈ లెక్కతో అందరికీ ఆశ పుట్టింది. తర్వాత ఇటలీ డాక్టర్లు దాని అన్నలాంటి మయో ఇనోసిటాల్‌ని పట్టుకుని, ఫోలిక్ యాసిడ్ కలిపి ప్యాకెట్లలోకి ఎక్కించారు. ఒక్కో ప్యాకెట్లో మయో ఇనోసిటాల్ 2 గ్రాములు, ఫోలిక్ యాసిడ్ 200 మైక్రోగ్రాములు. అంటే పదివేల వంతుల్లో ఒక వంతు.

ఆ ఒక్క వంతు ఫోలిక్ యాసిడ్ దగ్గరే నేను ఆగిపోతాను. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు రక్తం పట్టక పాలిపోయి చచ్చిపోతున్నారు. క్రిమి వల్లేమోనని ముందు అనుమానించి వెతికింది, దొరకలేదు. వాళ్ళేం తింటున్నారో చూసింది. అదే తిండి కోతులకి పెట్టింది. నీరసించిపోయిన కోతికి మార్మైట్ ఇస్తే లేచి కూర్చుంది. మార్మైట్ అంటే బీరు కాచాక అడుగున మిగిలే ఈస్టుతో చేసి, ఇంగ్లండులో రొట్టెకి రాసుకునే చవక సరుకు. దాన్నే మిల్లు ఆడవాళ్ళకి పెట్టి, రక్తం పట్టించి, 1931లో రాసింది. మార్మైట్‌లో ఏముందో ఆమెకీ తెలియదు.

అది తెలియడానికి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కావాల్సి వచ్చింది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్ దక్కక ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నాడు. అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే విరేచనాల జబ్బుతో రోజుల తేడాతో పోయారు. అమెరికా వెళ్ళేముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పాడు, లోధ్ర సీసాలు బయల్దేరే ఊళ్ళోనే. మార్మైట్‌లో ఉన్నది ఫోలిక్ యాసిడే. లెడర్లీ కంపెనీలో ఆయన బృందం 1945లో దాన్ని కృత్రిమంగా తయారుచేసి చూపించింది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకి అదే మందయింది. కడుపులో బిడ్డ వెన్నెముక అవకరాలను అది 72 శాతం తగ్గిస్తుందని, అలాంటి బిడ్డను ముందొకసారి కన్న తల్లుల మీద ఏడు దేశాల్లో జరిపిన పరీక్ష 1991లో తేల్చింది.

ఇనోసిటాల్‌కి ఇంత గట్టి సాక్ష్యం ఇంకా లేదు. హాని తక్కువ, అండం విడుదలకీ బరువుకీ లాభం పరిమితం, కావాలనుకున్నవాళ్ళు వాడి చూడొచ్చు అన్నంతవరకే 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు వెళ్ళాయి. డబ్బా తిప్పి చూడండి. మన దగ్గర ఇలాంటివి ఆహార చట్టం కింద అమ్ముతారు. మందుగా వాడటానికి కాదు అని ఇంగ్లీషులో అచ్చువేసి ఉంటుంది. డాక్టరు చీటీ రాస్తారు, మందుల కొట్టువాళ్ళం అమ్ముతాం, డబ్బా మాత్రం నేను మందును కానంటుంది.

‘ఇది ఎన్ని నెలలు తాగించాలమ్మా? ఖరీదు చూస్తే భయమేస్తోంది’ అని తల్లులు అడుగుతారు. చీటీలో మెట్‌ఫార్మిన్ కూడా ఉంటే, డాక్టరమ్మగారిని అడక్కుండా దాన్ని ఆపొద్దంటాను. పౌడర్ భారమనిపిస్తే ఆ మాట మొహమాటపడకుండా ఆవిడతోనే చెప్పమంటాను. పెళ్ళయి పిల్లల కోసం చూస్తున్న అమ్మాయైతే మాత్రం ఫోలిక్ యాసిడ్ విడిగా చవక బిళ్ళగా దొరుకుతుందని, పౌడర్ మానినా అది ఎంత మోతాదులో కొనసాగించాలో ఆవిడనే అడిగి రాయించుకోమని చెప్పి పంపిస్తాను.