తూటా పేరులో రెండు సంఖ్యలు

అమెరికా సైన్యము 1873లో ఒక కొత్త తుపాకిని స్వీకరించినది. దాని తూటాకు ‘45-70’ అని పేరు. మొదటి సంఖ్య తుపాకి గొట్టపు లోపలి వ్యాసము: అంగుళములో నూరింట 45 వంతులు. రెండవది తూటాలో పోసే మందు బరువు: 70 గ్రెయిన్లు, అనగా సుమారు నాలుగున్నర గ్రాములు. ఆ మందు సురేకారము, గంధకము, బొగ్గు కలిపి చేసిన పాత నల్ల తుపాకిమందే.

తూటాలో నాలుగు భాగములున్నవి. ఒక లోహపు గొట్టము, అందులో మందు, ముందు సీసపు గుండు, అడుగున దెబ్బ తగిలితే మండే చిన్న టోపీ. తుపాకి పేల్చిన తరువాత ఖాళీ గొట్టము మిగులుతుంది. దానిని పారవేయడమెందుకు? 1870 దశకములో అమెరికా పశ్చిమ మైదానములలో అడవిదున్నలను వేటాడినవారు, ఊళ్లకు దూరముగా ఉండుటచేత, ఇత్తడి గొట్టములను దాచుకొని, సీసము కరిగించి గుండ్లు పోసుకొని, తూటాలను తామే మళ్లీ నింపుకొనేవారు.

మందును కొలుచుటకు వారికి త్రాసు అక్కరలేదు. చిన్న కొలతగరిటె చాలేది. గుండుకు, మందుకు మధ్య ఖాళీ లేకుండా గొట్టమును నింపుటే ఆనాటి పద్ధతి.

కాని కాల్చిన గొట్టములను వెంటనే నీటితో కడుగవలసి వచ్చేది. దీనికి కారణము 1875లో ఇంగ్లండులో ఆండ్రూ నోబుల్, ఫ్రెడరిక్ ఏబెల్ ప్రకటించిన పరిశోధనలో కనిపిస్తుంది. వారు దృఢమైన ఉక్కుపాత్రలో మందును మండించి, మిగిలినదానిని తూచినారు. బరువులో నూటికి సుమారు 43 పాళ్లే వాయువులైనవి. తక్కిన 57 పాళ్లు ఘనపదార్థములు. గుండును త్రోసేది వాయువు. ఘనపదార్థమేమో పొగగాను, మసిగాను మారుతుంది. ఆ మసిలోని పొటాషియం లవణములు గాలిలోని తేమను పీల్చి లోహమును తినివేస్తవి.

1884లో ఫ్రాన్సులో పాల్ వియే అను రసాయన శాస్త్రజ్ఞుడు నైట్రోసెల్యులోజుతో పొగ దాదాపు లేని మందును తయారుచేసినాడు. ఇది మండితే ఇంచుమించు అంతా వాయువే అవుతుంది. అంతేకాదు, ఒత్తిడి పెరిగినకొద్దీ మరింత వేగముగా మండుతుంది. ఆ వేగము ఒత్తిడిని ఇంకా పెంచుతుంది. నల్లమందులో ఈ లక్షణము చాలా తక్కువ.

ప్రమాదమంతా ఇక్కడనే ఉన్నది. పాత అలవాటు ప్రకారము గొట్టము నిండుగా కొత్త మందు పోసినచో తుపాకియే బ్రద్దలు కావచ్చును. పట్టుకొన్నవాని చేయి, కన్ను పోవచ్చును. గొట్టము అదే, గరిటె అదే. పదార్థము మాత్రము వేరు. అందువలన కొందరు తయారీదారులు పాత గరిటెకే సరిపోయే తేలికైన పొగలేని మందులను కూడ అమ్మినారు. తక్కిన మందులకు త్రాసు తప్పనిసరి అయినది.

అమెరికాలో చెదరుగుండ్ల తూటాల పెట్టెలపై ‘ఇన్ని డ్రాములకు సమానము’ అని నేటికీ అచ్చువేయుట కలదు. అది లోపలి మందు బరువు కాదు. అంత వేగము నిచ్చుటకు నల్లమందు ఎంత కావలసి ఉండేదో తెలిపే సంఖ్య. ఏ కొలత అయినను, అది ఏ పదార్థమునకు చెందినదో తెలిసినప్పుడే జ్ఞానమవుతుంది, తెలియనప్పుడు అపాయమవుతుంది.