రిబ్బన్ కట్టిన గది

విజయవాడ నుంచి బందరు రోడ్డు మీద వస్తూ కంకిపాడు దాటాక పక్కకి తిరగండి. ఏ ఊరని పేరు పెట్టను. కృష్ణా డెల్టాలో ఇలాంటి పొద్దు ఏదో ఒక బడికి వస్తూనే ఉంది. కాలవ వంతెన దిగగానే జిల్లా పరిషత్ హైస్కూలు గేటు. తొమ్మిదిన్నరకే ఎండ చుర్రుమంటోంది. షామియానా కింద కుర్చీలు పెద్దలకి, వేపచెట్టు కింద నేల పిల్లలకి. కొత్త తరగతి గది గుమ్మానికి అడ్డంగా రిబ్బన్. పక్క గోడకి నల్లరాయి శిలాఫలకం, దాని మీద పరదా.

మీరు పిల్లల వెనక నిలబడండి, అక్కణ్ణుంచి అన్నీ కనిపిస్తాయి. ఎమ్మెల్యేగారు ఎనిమిదిన్నరకే వస్తారన్నారట. ఏడో తరగతి పిల్ల ఒకతి పూలపళ్లెం పట్టుకుని అప్పట్నుంచీ నిలబడే ఉంది. హెడ్మాస్టారు మాత్రం గేటుకీ గుమ్మానికీ మధ్య తిరుగుతూనే ఉన్నారు, ఫోను చెవి నుంచి దించలేదు. అవతల ఎంఈవో.

సర్పంచి మనిషి ఒకడు పరదా కొస ఎత్తి చూశాడు. అంతే.

"ఏం మాష్టారూ, మా సర్పంచిగారి పేరేదీ?"

"జాబితా పైనుంచి వచ్చిందండీ. నేను చెక్కించింది కాదు."

"ఆ గది మొదలుపెట్టింది ఎవరి హయాంలో? పునాది ఎవరు తీయించారు?"

షామియానా వైపు నుంచి ఇంకో గొంతు: "పునాది తీసి వదిలేశారు. స్లాబు వేయించింది మేం. అన్న వస్తున్నాడు, దారి ఇవ్వండి."

రెండు వైపులా మనుషులు లేచారు. ఎస్సైగారు మధ్యలోకి వచ్చారు. పిల్లలు మాత్రం కదల్లేదు, లేవమని వాళ్లకెవరూ చెప్పలేదు మరి.

ఈ గొడవ ఈ ఊరి మనుషుల కోపతాపాల వల్ల వచ్చింది కాదు, ఎన్నికల క్యాలెండరులోనే ఉంది. సర్పంచులని ఎన్నుకున్నది 2021 ఫిబ్రవరిలో. పార్టీ గుర్తుల్లేని ఎన్నికే అయినా ఎవరు ఎవరి మనిషో ఊరందరికీ తెలుసు. అదే ఏడు జిల్లా పరిషత్తూ వైసీపీ చేతికే వచ్చింది, ఉప్పాల హారిక చైర్‌పర్సన్ అయ్యారు. విజయవాడ కార్పొరేషన్‌కి అదే పార్టీ నుంచి రాయన భాగ్యలక్ష్మి మేయరయ్యారు. 2024లో శాసనసభ ఎన్నికలొచ్చాయి. కృష్ణా జిల్లాలోనూ, ఎన్టీఆర్ జిల్లాలోనూ ఒక్క సీటు వదలకుండా టీడీపీ కూటమి గెలిచింది. బడి జిల్లా పరిషత్తుదో, మునిసిపాలిటీదో. నిధులిచ్చేదీ, రిబ్బన్ కత్తిరించేదీ రాష్ట్ర ప్రభుత్వ పక్షం. అంతకుముందు అయిదేళ్లూ విజయవాడ తూర్పులో ఇదే బొమ్మ తిరగేసి ఉంది: ఎమ్మెల్యే గద్దె రామ్మోహన్ టీడీపీ, ప్రభుత్వం వైసీపీ. రెండు పార్టీలూ రెండు వైపులా నిలబడి చూశాయి. అయినా పక్కవాడి పేరుకి కాస్త చోటివ్వడం ఎవరూ నేర్చుకోలేదు. నాకు బాధ అక్కడే.

ఇక్కణ్ణుంచి పునాదిపాడు ఎంతో దూరం లేదు. 2020 అక్టోబరు 8న ఆ ఊరి జడ్పీ హైస్కూలుకే ముఖ్యమంత్రి జగన్ వచ్చారు. జగనన్న విద్యాకానుక అక్కడే మొదలైంది. బ్యాగు, మూడు జతల బట్టలు, బూట్లు, పుస్తకాలు: రాష్ట్రంలో 42 లక్షల పైచిలుకు పిల్లలకి. అప్పుడు స్థానిక ఎమ్మెల్యే కొలుసు పార్థసారథి, ఎంపీ వల్లభనేని బాలశౌరి, ఇద్దరూ వైసీపీ. 2024 తర్వాత పార్థసారథి టీడీపీ ప్రభుత్వంలో మంత్రి, బాలశౌరి జనసేన ఎంపీ. విద్యాకానుక సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది. బడుల భవనాలు బాగుచేసే నాడు-నేడు పథకం ‘మన బడి – మన భవిష్యత్తు’ అయింది. మధ్యాహ్న భోజన పథకం గోరుముద్ద డొక్కా సీతమ్మ పేరు పెట్టుకుంది. సీతమ్మ పేరంటే గోదావరి జిల్లాల్లో చేతులెత్తి మొక్కుతారు, ఆ పేరు మీద నాకే అభ్యంతరమూ లేదు. కానీ ప్రభుత్వం మారినప్పుడల్లా బడి బోర్డు మీద రంగు తడారకుండా ఉండటం మంచిది కాదు.

రంగుల సంగతి కోర్టుల దాకా వెళ్లింది కూడా. పంచాయతీ భవనాలకి వేసిన అప్పటి అధికార పార్టీ రంగులు తీసేయమని 2020 మార్చిలో హైకోర్టు చెప్పింది. ప్రభుత్వం మట్టిరంగు ఒకటి కలిపి జీవో 623 తెచ్చింది, హైకోర్టు దాన్నీ కొట్టేసింది. జూన్ 3న సుప్రీంకోర్టు నాలుగు వారాలు గడువిచ్చింది. రంగులే కాదు, బడి ఆవరణల్లో గ్రామ సచివాలయాలు కట్టొద్దన్న ఆదేశాన్ని పాటించనందుకు 2022 మార్చి 31న ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకి హైకోర్టు శిక్ష వేసింది. వాళ్లు క్షమాపణ చెప్పాక, జైలు బదులు సంక్షేమ హాస్టళ్లలో సేవ చేయమంది. బడి స్థలం పిల్లలదని చెప్పడానికి న్యాయమూర్తి కావలసి వచ్చింది.

హారన్ వినిపిస్తోంది. వచ్చేశారు. తోపులాటలో రిబ్బన్ ఎవరు కత్తిరించారో మీకు కనపడదు. "జై" అన్న కేకలు రెండు రకాలుగా వినిపిస్తాయి. కొబ్బరికాయ పగిలింది. సర్పంచి మెట్ల మీద బైఠాయించి, ప్రోటోకాల్ పాటించలేదంటూ కలెక్టరుకి రాసిన కాగితం హెడ్మాస్టారికి చూపిస్తున్నారు. రేపు మెమో వస్తే హెడ్మాస్టారికే వస్తుంది. చెక్కిన రాయి ఆయనది కాకపోయినా సంజాయిషీ ఆయనదే.

ఇప్పుడు గేటు దగ్గర చూడండి. నేత చీర కట్టుకున్న ఒకావిడ ఒంటరిగా నిలబడ్డారు. ఈ గది పునాదప్పుడు తల్లిదండ్రుల కమిటీకి ఆవిడ చైర్మన్. నాడు-నేడు డబ్బు కాంట్రాక్టరుకి పోలేదు, కమిటీ ఖాతాకే వచ్చింది. సిమెంటు బస్తాలు లెక్కపెట్టుకున్నదీ, ఇసుక లారీ కోసం ఎదురుచూసిందీ, నల్లరేగడి నేలలో పునాది ఎంత లోతు తీయాలని ఇంజినీరుతో వాదించిందీ ఇలాంటి తల్లులే. 2024 ఆగస్టులో కమిటీలకి మళ్లీ ఎన్నికలయ్యాయి. ఆవిడ పదవి పోయింది. రాయి మీద పదకొండు పేర్లున్నాయి, కమిటీ పేరు లేదు. పిలుపూ రాలేదు.

"నా పేరు వద్దులెండి," అంటూ మిమ్మల్ని బడి వెనక్కి తీసుకెళతారు.

అక్కడ ఇంకో గది ఉంది. గోడలు లింటెల్ దాకా లేచి ఆగిపోయాయి. ఇనపచువ్వలు తుప్పు పట్టాయి, లోపల తుమ్మమొక్కలు మొలిచాయి. నాడు-నేడు రెండో విడతలో మొదలై బిల్లులు ఆగినప్పుడు ఇలా నిలిచిపోయిన గదులు రాష్ట్రమంతటా ఉన్నాయి. పూర్తయిన గదికి ఇద్దరు యజమానులు ఎదురెదురుగా నిలబడ్డారు. ఈ గది తమదని రెండు పార్టీల్లో ఒక్కరూ ఇక్కడికి రాలేదు.

నన్నడిగితే శిలాఫలకం మీద ముందు మూడు సంగతులు చెక్కాలి: ఎంత డబ్బు, ఏ రోజు మొదలు, ఏ రోజు పూర్తి. కింద కమిటీ. ఆ తర్వాత చోటు మిగిలితే మిగతావాళ్లు.

ఇంజినీరు ఏఈగారు కారెక్కబోతున్నారు. ఆవిడ గబగబా నడిచి తలుపు దగ్గర నిలబడ్డారు.

"సార్, వెనక గదికి స్లాబు ఎప్పుడండీ?"

"కొత్త అంచనా పంపాలమ్మా. పైనుంచి మంజూరు రావాలి."

"పంపే తేదీ చెప్పండి."

ఆయన వాచీ చూసుకున్నారు. ఆవిడ హెడ్మాస్టారి బల్ల మీంచి రిజిస్టరు తెప్పించి, కారు బానెట్ మీద తెరిచి పెట్టి, పెన్ను ఆయన చేతికిచ్చారు.