రేకు దాచిన పేరు

కృష్ణా డెల్టాలో ఇంటి కప్పుల చరిత్రకి నాలుగు మాటలు చాలు: తాటాకు, పెంకు, రేకు, శ్లాబు. నా ధ్యాసంతా మూడోదాని మీదే.

మనం సిమెంటు రేకు అంటాం. ఆ పేరు అసలు సంగతిని దాచేసింది. సిమెంటులో కలిపేది ఆస్బెస్టాస్, రాతినార. 1946లో హైదరాబాద్‌లో పుట్టిన కంపెనీ పేరులోనే ఆస్బెస్టాస్ ఉండేది. జనం నోట మాత్రం అది చార్మినార్ రేకు. పులివెందుల వైపు రాతినార గనులూ ఉండేవి.

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమ పూరిళ్లను ఊడ్చేసింది. వేలమంది పోయారు. నిప్పుకీ చెదకీ లొంగని కప్పు కావాలనుకోవడంలో తప్పేముంది? పేదవాడికి రేకంటే తాటాకు మీద ఒక మెట్టు.

కదలని రేకుతో ముప్పు తక్కువ. కోసినా, బెజ్జం వేసినా, గాలివానకి పగిలినా కంటికానని పోగులు లేస్తాయి. అవి తెచ్చే కేన్సర్ బయటపడ్డానికి 30, 40 ఏళ్లు పట్టొచ్చు. అందుకే 1995లో సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులు కనీసం 40 ఏళ్లు ఉంచమంది. బ్రిటన్ 1999లో నిషేధించింది. పాత ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో అది ఎక్కడుందో కనుక్కుని రాసిపెట్టడం కూడా అక్కడ బాధ్యుల పని.

ఇక్కడ ఫ్యాక్టరీ కార్మికుడికి కనీసం కాగితం మీద లెక్కుంది. తుపాను మర్నాడు గుడివాడలోనో నాగాయలంకలోనో పగిలిన రేకులు ఏరే కూలీకి ఏ లెక్కా లేదు. ఆ ముక్కలు పరిచిన దొడ్లో ఆడే పిల్లలకీ లేదు. నష్టం రాసుకునేవాళ్లు పగిలిన రేకుల్ని లెక్కపెడతారు. తడిపి, ముక్కలు చెయ్యకుండా ఎత్తమని కూడా ఆ పూటే చెప్పొచ్చు.