శ్రీశైలపు కాలిత్రోవలు

మంచుగప్పిన శిఖరములు ఆంధ్రదేశమునకు లేవు. విశాఖ మన్యపు కొండలు తూర్పు కనుమలలోనెల్ల ఉన్నతములయ్యును ఆరువేల యడుగులను ముట్టకయే నిలిచిపోవును. కృష్ణకును పెన్నకును నడుమ ఉత్తరదక్షిణములుగా వ్యాపించిన నల్లమలలోనైతే మూడువేల యడుగుల నందుకొను శృంగములు వ్రేళ్ల మీద లెక్కింపదగినవి. ఎత్తునుబట్టి పర్వతములకు గౌరవమొసగువారి కంటికి ఈ కొండలు ఆనవు. కాని ఒకప్పుడు బండిబాటయైనను లేని యీ యడవులలో, మాఘమాసాంతమున శివరాత్రికిని, చైత్రారంభమున ఉగాదికిని, బిడ్డను చంకనెత్తుకొన్న తల్లులు మొదలు కఱ్ఱ యూతగా నడచు వృద్ధులదాక వేలకొలది జనులు శతాబ్దుల తరబడి ఎక్కి దిగిన త్రోవలున్నవి. మన దేశమున కొండలెక్కుటకు ఒక చరిత్ర యున్నచో దానిని మొదట ఆ త్రోవలయందే వెదకవలెను.

శ్రీశైలమునకు పెద్దలు నాలుగు ద్వారములను చెప్పిరి: తూర్పున త్రిపురాంతకము, దక్షిణమున సిద్ధవటము, పడమట అలంపురము, ఉత్తరమున ఉమామహేశ్వరము. విదిక్కులందు ఏలేశ్వరము, సోమశిల, పుష్పగిరి, సంగమేశ్వరము ఉపద్వారములుగా నిలిచినవి. మాహాత్మ్యకథలు చదువువారికి ఇవి పుణ్యస్థలములు. నేలను చదువువారికి ఇవియే ప్రయాణపటము. దూరదేశముల నుండి వచ్చు యాత్రికుడు దైవదర్శనము చేసికొని, తోడు కూర్చుకొని, తిండిగింజలు మూటగట్టుకొని, ఇక ముందు సాగవలసిన అడవికై మనసు దిటవుపరచుకొను తావులివి యని నా యూహ.

ఈ త్రోవలన్నిటిలో ఆత్మకూరు దారిని గూర్చి కొంత నిలిచి చెప్పవలసియున్నది. శివరాత్రినాటికే నల్లమలలో వాగులు సన్నగిల్లును. ఉగాదినాటికి ఇసుక మాత్రమే మిగులును. యాత్ర జరుగు కాలమే నీరు కఱవగు కాలము. కనుక ఈ దారిని తీర్చినది కొండవాలు కంటె నీటి యునికియే యని నేను దృఢముగా నమ్ముచున్నాను. ఆత్మకూరు విడిచి, వెంకటాపురము దాటి, అడవి జొచ్చి, నాగలూటి వీరభద్రుని సేవించుకొన్న వాడు దామెర్లకుంటకును, అటనుండి పెద్దచెరువునకును, మఠము బావికిని, భీముని కొలనునకును పోవును. ఒక నీటికడ లేచినవాడు మఱియొక నీటికడ మేను వాల్చునే కాని, దగ్గఱదారి యను నాశతో పెడదారి పట్టడు. భీముని కొలనుకడ కొండ హఠాత్తుగా చీలి లోయయైపోవును. అంచు నుండి మెట్ల మీదుగా దిగి, అడుగున చల్లని నీట మునిగి, ఎదుటి గోడవంటి కొండను మఱల మెట్ల మీదుగా ఎక్కి, కైలాసద్వారము చేరినపుడు గాని యాత్రికునకు క్షేత్రము చేరువయైనదన్న ధైర్యము కలుగదు. ద్రౌపది దప్పిక తీర్చుటకు భీముడు గదతో మోది యీ కొలనును పుట్టించెనని స్థలకథ. ఎన్ని తరముల దాహము ఆ కథలో నిండియున్నదో ఆ లోయ దిగినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ నడక ఎంత ప్రాచీనమో తెలియగోరువారు పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రము తెఱచి, అందలి పర్వతప్రకరణమును చూడవలెను. గుంపులుగా సాగు శివభక్తులు, వారి బడలిక, వారి వేడుక ద్విపదలో అక్కడ సాక్షాత్కరించును. తుమ్మెదపదములు, వెన్నెలపదములు, పర్వతపదములు అను జానపదగేయముల పేళ్లు మనకు దక్కినది ఆ గ్రంథము వలననే. ఎత్తుదారిలో ఊపిరికి లయ కావలెను గదా! పాట ఆ లయ నిచ్చినదనుటలో వింత లేదు.

భక్తులు నడచి దారి చేసిరి. రాజులు దానికి రాయి పఱచిరి. అద్దంకి నేలిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్ది పూర్వార్ధమున శ్రీశైలమునకును అహోబిలమునకును సోపానములు కట్టించెను. తురుష్కసేనలు ఓరుగల్లును కూల్చి యెన్నో యేండ్లు గడవని కాలమది. అట్టి దినములలో కోటలతో పాటు కొండమెట్లకును ధనము వెచ్చించిన ప్రభువు బుద్ధిని ఎంత కొనియాడినను తీరదు. ఆ వంశమువాడే అనవేమారెడ్డి 1377లో శ్రీశైలమున వీరశిరోమండపము నెత్తించెను. ఆ శతాబ్ది చివర విజయనగరప్రభువు రెండవ హరిహరరాయల దేవి విఠలాంబ, గుడి యున్న గట్టునుండి అగాధమున పారు కృష్ణవఱకు, పాతాళగంగకు మెట్లు కట్టించెను. గోపురము కట్టినవాని పేరు గోపురము చూచు ప్రతివాడును అడుగును. మెట్టు కట్టినవాని పేరు అడుగువారరుదు. మోకాలికి ఊఱట నిచ్చిన యా దానమే ఘనతరమని నా కనిపించును.

రాజులు పోయిరి. ఎల్లకాలము త్రోవను కాచినవారు చెంచులు. ఏ బండక్రింద ఊట యున్నదో, ఏ మలుపున పులి తిరుగునో వారికి తెలిసినట్లు ఇంకెవ్వరికిని తెలియదు. కనుమల కావలి వారిదిగ నుండెను. యాత్రికులకు దారి చూపి, కాపు గాచి, ప్రతిఫలముగా రుసుము పుచ్చుకొనుట వారి యాచారముగ నుండెను. దొరతనపు వ్రాతలలో దీనిని దారిదోపిడిగ చూచినవారును కలరు. అది న్యాయము కాదు. అడవి వారిది, శ్రమ వారిది. శ్రీశైలస్వామియే వేటకాడై చెంచుకన్యను వలచెనని చెప్పుకొని చెంచుమల్లయ్యగ కొలుచు ప్రజ, ఆ బంధువులకు ఒక కానిచ్చుటను దండుగ యని ఎట్లనగలదు?

వసూళ్లలో బాధాకరమైనది వేఱొకటి. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగ నున్న ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, త్రోవలో శ్రీశైలమును దర్శించి, కందనూరు నవాబు యాత్రికులవద్ద సుంకము గైకొనుటను తమ యాత్రాచరిత్రలో ప్రస్తావించిరి. ఏ మజిలీలో నీరు దొరకును, ఏ యూర దినుసులు దొరకును అని వారు ఎల్లెడల వ్రాసికొన్న శ్రద్ధ మనవారిలో అపూర్వము. దారిని దారిగా చూచి వ్రాసిన తెలుగువారిలో వారిని మించినవారు నాకు కనబడరు.

ఉగాదికి వచ్చు కన్నడదేశీయులను గూర్చి ఒక్కమాట. క్షేత్రదేవియగు భ్రమరాంబను తమ యింటి యాడపడుచుగ భావించి, చీరసారెలు, పసుపుకుంకుమలు మూటగట్టుకొని వారు వందలమైళ్లు నడచి వత్తురు. 12వ శతాబ్దిలో వారి శివభక్తురాలు అక్కమహాదేవి నడచి వచ్చిన కొండ యిదియే.

తరువాత దోర్నాల నుండి శిఖరేశ్వరము మీదుగా మోటారుబాట వచ్చినది. తిరుమలకు 1944లో ఘాట్‌రోడ్డు వచ్చిన పిమ్మటను అలిపిరి మెట్లు జనముతో కళకళలాడుచునే యున్నవి. నల్లమల త్రోవల కట్టి భాగ్యము పట్టలేదు. ఏలేశ్వరము నాగార్జునసాగరమున మునిగినది. సంగమేశ్వరుడు శ్రీశైలజలాశయము తగ్గినపుడు మాత్రమే వెలికివచ్చును. మిగిలిన యడవి పులుల రక్షితప్రదేశమైనది. అది మంచిదే, పులి యున్నంతకాలమే ఆ కొలనులలో నీరుండును. పర్వదినములలో మాత్రము నాగలూటి దారి నేటికిని జనముతో నిండుచున్నది. ఇంతలోనే చేయదగిన పని యొకటి కలదు: భీముని కొలను మెట్లను, మఠము బావిని, దారిపొడవున నున్న మండపములను, శాసనములను వరుసగా కొలిచి, ఏ రాయి ఎచ్చటనున్నదో గుర్తించి పటము గీయవలెను, దానికి చెంచుపెద్దలనే తోడు పిలువవలెను.