అయిదో నంబరు బావి

టొరాంటో వచ్చిన మొదటిరోజే మా అమ్మ కుళాయి నీళ్ళు తాగనంది. "మందు వాసనొస్తోందిరా. మన బావి నీళ్ళు ఇలా ఉండేవా?" అంది. ఆ మాటకి నాకు వాకర్టన్ గుర్తొచ్చింది.

వాకర్టన్ మాకు వాయవ్యంగా రెండు గంటల పైచిలుకు దూరంలో ఉంది. 2000లో జనాభా అయిదువేల లోపు. అక్కడివాళ్ళదీ మా అమ్మ అభిప్రాయమే. క్లోరిన్ వాసన ఎక్కువైతే ఫిర్యాదు చేసేవారు. నీటి సరఫరా సిబ్బంది అయితే క్లోరిన్ కలపని నీళ్ళే పట్టుకుని తాగేవారు.

ఆ ఊరి అయిదో నంబరు బావిని 1978లో వేశారు. మన గిలకబావి లాంటిది కాదు, గొట్టపుబావి. లోపలికి దించిన రక్షణ గొట్టం అయిదు మీటర్లే. నీళ్ళూరే పొరలు దానికి కాస్త కిందనే, ఎనిమిది మీటర్ల లోపు. పైన మట్టి పల్చన, కింద పగుళ్ళ రాయి. మొదటి పరీక్షల్లో పంపు ఆడిస్తే పక్కనున్న ఊటలు తగ్గాయి. నీళ్ళలో బాక్టీరియా కనిపించింది. పేరుకి భూగర్భజలం, నిజానికి నేలమీది నీరు నేరుగా దిగే బావి. అయినా ఏ షరతూ లేకుండా అనుమతి ఇచ్చేశారు.

1994లో అంటారియో ప్రభుత్వం ఇలాంటి బావులకి క్లోరిన్‌ని నిరంతరం కొలిచే పరికరం ఉండాలంది. పాత బావుల్లో ఏవి ఆ కోవలోకి వస్తాయో తేల్చే పని మాత్రం పెట్టుకోలేదు. నిబంధన మార్చి పాత రికార్డులు అలాగే వదిలేయడం మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి కొత్తేం కాదు.

2000 మే 8 నుంచి 12 దాకా పెద్ద వానలు. పక్క పొలంలో వేసిన పశువుల ఎరువులోంచి ఈ.కోలై, కాంపిలోబాక్టర్ క్రిములు బావిలోకి దిగాయి. రైతు తప్పేమీ లేదనీ, పద్ధతి ప్రకారమే ఎరువు వేశాడనీ తర్వాత విచారణలో తేలింది. బావిలో కలిపే క్లోరిన్ చాలినంత లేదు. రోజూ కొలిచి రాయాల్సిన పుస్తకంలో కొలవకుండానే 0.5, 0.75 అని రాసుకుంటూ పోయారు.

17న నీళ్ళలో క్రిములున్నాయని లాబ్ చెప్పింది, సరఫరా వాళ్ళకి మాత్రమే. 1996లో పరీక్షలు ప్రైవేటుకి వదిలేసినప్పుడు, ఆరోగ్యశాఖకీ చెప్పి తీరాలన్న చట్టం చెయ్యలేదు మరి. 19న ఆరోగ్యశాఖవాళ్ళు అడిగితే నీళ్ళు బాగానే ఉన్నాయని జవాబొచ్చింది. 21న వాళ్ళే, కాచి తాగండని ప్రకటించారు. ఏడుగురు పోయారు. సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు.

సరఫరా చూసిన అన్నదమ్ములిద్దరూ 2004లో కోర్టులో నేరం ఒప్పుకున్నారు. వాళ్ళని తిట్టడం తేలిక. తప్పుడు అంకెలు రాశారు, నిజమే. కానీ ఆ బావికి అనుమతి వాళ్ళిచ్చింది కాదు. నిరంతరం కొలిచే పరికరాలుంటే ఈ ఘోరం జరిగేదే కాదని జస్టిస్ డెనిస్ ఒకానర్ 2002 నివేదికలో రాశారు.

అమ్మకిదంతా చెప్పాను. మా ఊళ్ళో బావిలో బ్లీచింగ్ పౌడరు వేసిన రోజుల్లో చెరువు నీళ్ళకి వెళ్ళిన మనిషి తను. అంతా విని, "ఆ పొలం బావికి ఎంత దూరంరా?" అని అడిగింది.

మా పశువుల పాకకీ, బావికీ మధ్య పదిగజాలు కూడా ఉండేది కాదు.