వీడియో గేము కేసెట్లు: నాటి సేకరణము, నేటి సేకరణము

సేకరణ మనగానే మనకు నాణెములు, తపాలా బిళ్ళలు, తాళపత్రములు స్ఫురించును. అవి చేతులు మారి, కాలము గడచి, పెద్దరికము సంపాదించుకొన్నవి. పిల్లలు ఆడి పారవేసిన ప్లాస్టిక్ ఆటపెట్టెలను పురావస్తువుల వలె కూడబెట్టువారు కలరనిన మనలో పెద్దలకు నవ్వు రావచ్చును. కాని 2021వ సంవత్సరము ఆగస్టు మాసమున అమెరికాలో అట్టి పెట్టె యొకటి 20 లక్షల డాలర్లకు విక్రయింపబడినది. దానిని ఎవరును తెరచి యెరుగరు. అంగడిలో అమ్మిననాటి పలుచని ప్లాస్టిక్ పొర సైతము చినుగలేదు. అందలి ఆట ‘సూపర్ మారియో బ్రదర్స్’. ప్రపంచమున 4 కోట్లకు పైగా ప్రతులు చెల్లిపోయిన ఆట అది. అన్ని ప్రతులున్న పుస్తకమును అరుదైన గ్రంథమని ఎవరును చెప్పరు. మరి అంత ధనము పోసి కొన్నది దేనిని? ఇందుకు సమాధానము కావలెననిన ఈ వస్తువు పుట్టుకను కొంత తెలిసికొనవలెను.

మన యిండ్లలో కేసెట్టని పిలిచిన దానిని చేసినవారు కార్ట్రిడ్జి యనిరి. టెలివిజనుకు తగిలించి ఆడు యంత్రములలో మొదటిది 1972లో అమెరికాలో వెలువడిన మాగ్నవాక్స్ ఆడిసీ. రాల్ఫ్ బేర్ అను ఇంజనీరు దానికి ఆద్యుడు. ఆ యంత్రముతో ఇచ్చిన కార్డులలో ఆట యేదియు లేదు. అవి యంత్రమునందలి తీగెల కలయికను మార్చెడివి, అంతే. ఆటను యంత్రమునుండి వేరుచేసి, ఒక చిన్న పెట్టెలో నిలువచేసి, పుస్తకము వలె విడిగా అమ్మవచ్చునను ఊహ 1976 నవంబరులో ఫెయిర్‌చైల్డ్ సంస్థవారి ‘చానెల్ ఎఫ్’ యంత్రముతో కార్యరూపము దాల్చినది. మొదటి ఆలోచన వేరొక చిన్న సంస్థలోని ఇంజనీర్లు వాలెస్ కర్ష్‌నర్, లారెన్స్ హాస్కెల్ అను వారిది. దానిని పిల్లల చేతికి ఇయ్యదగిన వస్తువుగా తీర్చినది జెరీ లాసన్ నాయకత్వమున పనిచేసిన బృందము. ఆ కాలమున ఆ పరిశ్రమలో నల్లజాతి ఇంజనీర్లు బహు తక్కువ. లాసన్ అట్టివారిలో ఒకడు. మాటిమాటికి పెట్టుచు, తీయుచు ఉన్నను లోపలి సున్నితమైన చిప్పు చెడకుండ నిలుచునట్లు చేయుట వారికి పెద్ద పరీక్ష యైనది. ఇట్టి వస్తువు అంతకుముందు ఏ ఇంటను లేదు.

మరుసటి యేడు, అనగా 1977లో, ఆటారి సంస్థవారి యంత్రము వచ్చి విపణిని ఆక్రమించినది. దాని పని జ్ఞాపకము 128 బైట్లు మాత్రమే. మొదటి కేసెట్లలో ఆటకు ఇచ్చిన చోటు 2 కిలోబైట్లు, 4 కిలోబైట్లు. మనము ఈనాడు సెల్‌ఫోనులో పంపుకొను ఒక పండుగ శుభాకాంక్షల బొమ్మలో అట్టి ఆటలు పదుల కొలది ఇమిడిపోవును. అంత ఇరుకులో బొమ్మలను, ధ్వనిని, గెలుపోటములను అమర్చినవారు నిశ్చయముగా శిల్పులు. కాని పెట్టెపై వారి పేర్లు వేయుట ఆ సంస్థకు ఇష్టములేదు. వారెన్ రాబినెట్ అను నతడు తాను రచించిన ‘అడ్వెంచర్’ ఆటలో ఒక రహస్యపు గది కట్టి, అందు తన పేరు వ్రాసికొని, ఎవరికిని చెప్పక సంస్థను విడిచిపోయెను. 1980లో ఆట వెలువడిన పిమ్మట ఒక బాలుడు ఆ గదిని కనుగొని సంస్థకు జాబు వ్రాసిన తరువాతగాని ఆ సంగతి యజమానులకు తెలియలేదు. మన ప్రాచీన కవులు పద్యముల మొదటి అక్షరములలో తమ పేర్లు దాచియుంచిన చమత్కారము నాకు ఇచట జ్ఞప్తికి వచ్చుచున్నది. ఇదే గౌరవలోపమును సహింపలేక నలుగురు రచయితలు బయటకు వచ్చి 1979లో ఆక్టివిజన్ సంస్థను నెలకొల్పి, కేసెట్లపై కర్తల పేర్లు ప్రకటింపసాగిరి.

ఆ తరువాత విపణి పొంగినది, పొంగినది చల్లారినది. 1982లో సినిమా పేరుమీద ‘ఈ.టీ.’ ఆటను హోవర్డ్ స్కాట్ వార్షా సుమారు అయిదు వారములలో పూర్తిచేయవలసి వచ్చెను. ఆట జనులకు రుచింపలేదు. అమ్ముడుపోని సరకు తిరిగివచ్చెను. 1983లో పరిశ్రమయంతయు కూలినది. ముప్పది, నలువది డాలర్ల కేసెట్లు అయిదు డాలర్లకు అంగళ్ళలో బుట్టలకెక్కినవి. ఆ సెప్టెంబరులో ఆటారివారు లారీల కొలది సరకును టెక్సాసు నుండి న్యూ మెక్సికోలోని ఆలమగోర్డో పట్టణపు చెత్తగుంటకు తరలించి, నలుగగొట్టి, పైన కాంక్రీటు పోయించిరి. మన కార్యాలయములలో దస్త్రములను ‘ఎ’, ‘బి’, ‘సి’ తరగతులుగా విభజించి, ‘సి’ తరగతి వానిని గడువు తీరగానే తొలగించుట మీకెల్లరకు తెలిసిన సంగతియే. ఆ సంస్థ తన కృతులను ఒక్కటియు విడువక ‘సి’ తరగతిలో చేర్చినదనవలెను. ‘ఎ’ తరగతిలో చేర్చినవారు ప్రజలు.

ఆ ప్రజలే తొలితరము సేకర్తలు. ఎనుబదులు ముగియు కాలమునను, తొంబదుల ఆరంభమునను వారు సంతలలోను, పాతసామానుల అంగళ్ళలోను, ఇరుగుపొరుగువారు ఇంటిముందు పరచి అమ్ము పాతవస్తువుల నడుమను తిరిగి, డాలరుకును అర్ధడాలరుకును ఈ కేసెట్లను ఏరుకొనిరి. తయారుచేసిన సంస్థలు అనేకము మూతబడినవి. ఏయే ఆటలు వెలువడినవో తెలుపు జాబితా ఎచటను దొరకదు. కావున వారే జాబితాలు కూర్చిరి. 1991లో మొదలైన ‘డిజిటల్ ప్రెస్’ వంటి చిన్న పత్రికలలో ఒకరి జాబితాను మరియొకరు సవరించెడివారు. ఇది గ్రంథసూచి తయారుచేయు పండితుని పనికి ఏమియు తీసిపోదు. వారి పట్టుదల వలననే ‘ఎయిర్ రెయిడ్’ వంటి ఆటల ఉనికి లోకమునకు తెలిసినది. నీలిరంగు పెట్టెకు చేతిపిడి వంటి ఆకారముండు ఆ కేసెట్టుకు పై అట్టపెట్టె ఎట్లుండునో 2010 వరకును సేకర్తలకే తెలియదు. ఆ యేడు ఒకటి బయటపడి 31,600 డాలర్లకు అమ్ముడుపోయెను. ఇంతలో 1995లో ఈబే వెలసి, ఊరి సంత లోకమంత సంతయైనది. వెలలు తెలిసినవి; తెలిసిన వెలలు పెరిగినవి.

అరుదుతనమునకు గట్టి నిదర్శనము జపాను సంస్థ నింటెండోవారు 1990లో అమెరికాలో జరిపిన పోటీల కేసెట్టు. ఆడుటకు గడువు 6 నిమిషముల 21 సెకనులు. తుదిపోటీదారులకు ఇచ్చిన బూడిదరంగువి 90. పత్రికా బహుమతిగా పంచిన బంగారురంగువి 26. సంఖ్య ఇంత నిశ్చితముగా తెలిసినప్పుడు వెల పెరుగుట న్యాయమే యని నేనును అంగీకరింతును.

ఐతే 2020, 2021 సంవత్సరములలో జరిగినది వేరు. కేసెట్టును తెరువక, పొర చినుగక, అంచు నలుగక ఉన్నదో లేదో పరీక్షించి, 10కి ఇన్ని యని మార్కులు వేసి, పారదర్శకమైన గట్టి ప్లాస్టిక్ పేటికలో శాశ్వతముగా మూసి యిచ్చు సంస్థలు బయలుదేరినవి. తెరువని ‘సూపర్ మారియో బ్రదర్స్’ 2020 జులైలో 1,14,000 డాలర్లు పలికినది. 2021 ఏప్రిలులో అదే ఆట మరియొక ప్రతి 6,60,000. జులైలో ‘లెజెండ్ ఆఫ్ జెల్డా’ 8,70,000. రెండు దినములు గడవకమునుపే ‘సూపర్ మారియో 64’ 15,60,000. ఆగస్టునాటి 20 లక్షల మాట మొదటనే చెప్పితిని. ఆ చివరి ప్రతి పలువురు వాటాలు కొని ఉమ్మడిగా యజమానులైన వస్తువు; వారిలో ఏ ఒక్కరి యింటను అది ఉండలేదు. ఆటలోని సమాచారము 40 కిలోబైట్లు. అవి తక్కిన 4 కోట్ల ప్రతులలో ఉన్నవే. కొన్నవారు కొన్నది పొరను.

జెల్డా విషయము మరింత విచిత్రము. బంగారురంగు పూసిన ఆ 1987 నాటి కేసెట్టులో ఆటగాడు ఎంతవరకు వచ్చెనో గుర్తుంచుకొనుటకు రూపాయి బిళ్ళ వంటి బ్యాటరీ యొకటి అమర్చబడియున్నది. దాని ఆయువు పది, ఇరువది యేండ్లు. ఆడుకొను సేకర్త దానిని తీసి క్రొత్తది టంకము పెట్టుకొనును. మూసిన పేటికలోనిదానికి ఆ చికిత్స లేదు. తెరచిన వెల పోవును, తెరువనిచో గుర్తు పోవును. వెలగట్టువారికి లోపలి బ్యాటరీతో పనిలేదు. పాతతరము సేకర్త చేతిలో అంచులు అరిగిన పెట్టె యుండెడిది, అందలి ఆట అతనికి కంఠస్థమై యుండెడిది. ఈ రెంటిలో ఏది సేకరణమో నాకు సందేహము లేదు. ధరలు పిమ్మట చాలవరకు దిగివచ్చినవి. వానికై నేను చింతింపను.

ఆలమగోర్డో కథకు మాత్రము ఉత్తరభాగము కలదు. 2014 ఏప్రిలు 26న ఆ చెత్తగుంటను త్రవ్వగా నలిగిన కేసెట్లు నిజముగానే బయటపడినవి. పైకి తీసినవి సుమారు 1,300. అందు 800కు పైగా పట్టణమువారు వేలమువేసి లక్ష డాలర్లకు పైగా రాబట్టిరి. ఒక ‘ఈ.టీ.’ ప్రతి మట్టితో సహా వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థ చేరినది. అంగట అమ్ముడుపోనిది చెత్తయై, చెత్త చరిత్రయై, చరిత్ర మరల సరకైనది.

మన దేశమునకు ఈ చరిత్రతో సంబంధము వేరొక దారిన వచ్చినది. 1983 జులైలో నింటెండో సంస్థ తన దేశమున ‘ఫామికామ్’ యంత్రమును విడుదల చేసినది. దానికి అనుకరణములు తూర్పు ఆసియాలో తయారై, తొంబదులలో ‘మీడియా’, ‘సమురాయ్’ మొదలగు పేర్లతో మన అంగళ్ళకు చేరినవి. కేసెట్టుకు 60 పిన్నులు. పెట్టె తరచుగా పసుపుపచ్చనిది. మీద ‘999999 ఇన్ 1’ అని ఆర్భాటముగా నుండును. లోపల చూడ పదో పదునైదో ఆటలు పేర్లు మార్చుకొని మరల మరల వచ్చుచుండును. ఢిల్లీలో పాలికా బజారు వీనికి పుట్టినిల్లువంటిది. సెలవులకు ఏ.పి. ఎక్స్‌ప్రెస్‌లో అమ్మమ్మగారి ఊరికి పోవునపుడు రెండు కేసెట్లు బట్టలమధ్య దాచి తీసికొనిపోయి, మేనమామ కొడుకు వద్ద వేరు రెండు మార్చుకొని వచ్చినవారు నా యీడువారిలో ఎందరో. ‘కాంట్రా’, ‘మారియో’, తుపాకితో బాతులను కొట్టు ‘డక్ హంట్’ - ఇవి మన బాల్యమునకు ఉమ్మడి ఆస్తి. కేసెట్టు పలుకనపుడు నోటితో ఊదుట అప్పటి సర్వరోగనివారిణి. నిజమునకు ఆ ఊపిరి తేమ రాగి పిన్నులను చెరచును. మరల తీసి పెట్టుటవలననే అది పనిచేసెడిది. నింటెండోవారును ఊదరాదనియే హెచ్చరించిరి.

ఆ పసుపు కేసెట్లపై చేసినవాని పేరు లేదు, సంవత్సరము లేదు, అనుమతియు లేదు. అందుచేత వెలగట్టు సంస్థలకు అవి అస్పృశ్యములు. ఐనను మన దేశపు పిల్లలు ఈ కళను ఏ రూపమున, ఏ వెలకు, ఏ అంగటిలో ఎరిగిరో చెప్పు సాక్ష్యము అవి తప్ప వేరేమియు లేదు. అమెరికాలోనే పరిస్థితి బాగుగా లేదు. 2010కి పూర్వము అచట వెలువడిన ఆటలలో నూటికి 87 నేడు విపణిలో లభింపవని వీడియో గేము చరిత్ర సంరక్షణ సంస్థవారు 2023లో ప్రకటించిరి. గ్రంథాలయములు తమవద్దనున్న పాత ఆటలను దూరమునుండి పరిశోధకులకు చూపుటకు అనుమతి కోరగా 2024 అక్టోబరులో అచటి కాపీరైటు కార్యాలయము నిరాకరించినది. హక్కుదారుల న్యాయము వారికుండవచ్చును. కాని వేమన పద్యములు నిలిచినది తాళపత్రములు చెదలు పట్టకుండుటచేత కాదు. ఎవరో పూనుకొని తిరిగి వ్రాయించుటచేత. బ్రౌన్ దొర కడపలో పండితులను పెట్టి తన సొమ్ముతో చేయించినది ఆ పనియే. ప్రతి తీయుట నేరమైనచోట మూలము ఒక్కటే దిక్కు. మూలము పాతసామానులవాని తక్కెడలో నున్నది.

కావున మన సభ్యుల యిండ్లలో అటకపై అట్టపెట్టెలో ఇట్టివి ఇంకను ఉన్నచో తూకమునకు వేయకుందురు గాక. శుభ్రము చేయదలచినవారు మందుల షాపులో దొరకు ఐసోప్రొపైల్ ఆల్కహాలును దూదిపుల్లకు అద్ది పిన్నులను తుడిచి ఆరనిచ్చిన చాలును. ఒక కాగితముపై కొన్న యేడు, అంగడి, వెల, పై బొమ్మ వర్ణన వ్రాసి దానితో నుంచవలెను. ఆటల పట్టికను తెరమీద చూచి ఉన్నదున్నట్లు ఎక్కించవలెను, తప్పు అక్షరక్రమమును దిద్దరాదు. మర విప్పి చూచిన చిప్పునకు బదులు నల్లని జిగురు బొట్టు కనబడును; దానిని గీకుటకు పూనుకొనవలదు. ఆ బొట్టు క్రిందనున్నదానిని 60 పిన్నుల ద్వారముననే చదువగల పరికరములు నేడు కలవు.