వంటింటి గుమ్మంలోంచి టీవీ

1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైన రోజుల్లో టీవీ అంటే పెద్ద పెట్టె. మన ఈసీఐఎల్ వాళ్ళు కూడా ఈసీ టీవీలు చేసేవాళ్ళు. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో రంగులొచ్చాయి. వెనకాల పొడుగాటి పిక్చర్ ట్యూబు ఉండడంతో పెట్టె ముందుగదికే పరిమితం. ఆడవాళ్ళం వంటింటి గుమ్మంలో నిలబడి, ఒక చెవి కుక్కర్ మీదేసి చూసేవాళ్ళం.

ఎల్‌సీడీ, ఎల్‌ఈడీ తెరలొచ్చాక ట్యూబు పోయి టీవీ గోడకెక్కింది. 2019 జనవరిలో 32 అంగుళాల వరకూ జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గించారు; పెద్దవాటికి ఆ తగ్గింపు 2025 సెప్టెంబరు దాకా రాలేదు.

ఇప్పుడు వంటింటికీ చిన్న టీవీ పెట్టుకోవచ్చు. కొనేముందు షాపులో పక్కకు జరిగి చూడండి. కొన్ని తెరలు పక్కనుంచి చూస్తే వెలిసిపోయినట్టుంటాయి. పొయ్యి దగ్గర మనం చూసేది పక్కనుంచే కదా!